ఎవరూ చెయ్యి పెట్టని అర

ఖాళీ చేయడంలో నాకు పేరుండేది. తొంభైల మొదట్లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లో ఎవరి కంప్యూటర్లో జాగా అయిపోయినా నాకే కబురొచ్చేది. కంప్యూటర్లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో పని, సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. భుజాన రెక్సిన్ సంచి, అందులో ఒక స్క్రూడ్రైవరు, ఒక బ్రష్షు, పది ఫ్లాపీలు. నన్ను 'డాక్టర్ సాబ్' అని పిలిచేవాళ్ళు. చదవకుండా డాక్టరైన వాడికి ఎంత పొగరుండాలో అంతా నాకుండేది.

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడైనా నన్ను అడిగేవాళ్ళు, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదని. వాళ్ళకు నేను వైరస్ కథలు, పిడుగు పడి కాలిపోయిన సర్వర్ కథలు చెప్పి పంపించేవాణ్ణి. అవి చెప్పడం తేలిక. వాటిలో నేను హీరోని. ఇది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మీకు నవ్వొచ్చే సంగతి ముందు చెబుతాను. ఆ రోజుల్లో హార్డ్ డిస్క్ అంటే ఎనభై మెగాబైట్లు. ఇప్పుడు మీ ఫోన్లో ఉన్న పెళ్ళి వీడియో ఒక్కటి అందులో పట్టదు. అందులోనే విండోస్, అందులోనే తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్, పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్, అందులోనే పుస్తకాలకు పుస్తకాలు. లేజర్ ప్రింటరుకు ఒక పేజీ పంపాలన్నా ముందు డిస్కులో దానికి కాస్త చోటుండాలి. లేకపోతే 'డిస్క్ ఫుల్' అని తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చి కూర్చునేది. ఎన్నిసార్లు మీట నొక్కినా అది కదిలేది కాదు.

నేను చేసే వైద్యం చాలా సులువు. తాత్కాలిక ఫైళ్ళు తీసేయడం, పాత నకళ్ళు తీసేయడం, ఆ తర్వాత సిస్టమ్ ఫోల్డర్‌లోకి దిగడం. విండోస్ తన సామానంతా పెట్టుకునే ఫోల్డర్ అది. వందల ఫైళ్ళు, ఒక్క పేరూ మనిషికి అర్థమయ్యేలా ఉండదు. అందరికీ అందులోకి వెళ్ళాలంటే భయం, నాకు తప్ప. అక్కడ నాకొక సూత్రం ఉండేది. విండోస్ కంపెనీ నుంచి వచ్చిన ఫైళ్ళన్నిటి మీదా ఒకే తేదీ, ఒకే సమయం ఉంటాయి. వేరే తేదీ ఉన్న ఫైలంటే మధ్యలో ఎవరో, ఏదో సాఫ్ట్‌వేరో వదిలేసి పోయిన చెత్త. చెత్త కనబడితే ఊడ్చేయడమే. ఈ సూత్రం నాకెవరూ నేర్పలేదు. నేనే కనిపెట్టాను, దాన్ని చూసుకుని మురిసిపోయాను.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే ఒక బట్టల దుకాణం మీద రెండు గదుల డీటీపీ సెంటరుండేది. దాని ఓనరు మూడు తరాలుగా చిక్కడపల్లిలో ఉన్న కుటుంబం మనిషి. పోటీ పరీక్షల గైడ్లు తనే రాయించి, తనే కంపోజ్ చేయించి అమ్మేవాడు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు ఆయన గైడ్ల కోసం మెట్ల మీద వరసగా నిలబడేవాళ్ళు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, ఒక గైడు కొని ముగ్గురు చదువుకునే పిల్లలు. ఓనరు చెడ్డవాడని నేననను. పుస్తకం ఫలానా రోజు వస్తుందంటే ఆ రోజు రావాలి, అంతే. ఆలస్యమైతే రోడ్డవతలి వాడి గైడు అమ్ముడుపోతుంది.

ఆ సెంటర్లో పెద్ద మిషను ముందు కూర్చునే మనిషికి యాభై ఆరేళ్ళు. నారాయణగూడలో ఒక పాత ప్రెస్సులో ముప్పై ఏళ్ళు చేతి కంపోజిటరుగా చేశాడు. సీసపు అక్షరాలను కేసులోంచి, అంటే అరల చెక్క పెట్టెలోంచి, ఒక్కొక్కటీ ఏరి, తలకిందులుగా చదువుతూ పేర్చే పని. ఆ ప్రెస్సు మూతపడింది. సీసాన్ని తూకానికి అమ్మేశారు. ఆయన తోటివాళ్ళలో ఒకాయన వాచ్‌మన్ అయ్యాడు, ఇంకొకాయన కొడుకు కిరాణా దుకాణంలో కూర్చున్నాడు. ఈయన మాత్రం అడిక్‌మెట్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, కొడుకు వయసు వాళ్ళ పక్కన కూర్చుని, ఆరు నెలల్లో కంప్యూటర్ నేర్చుకున్నాడు. అందరం కాకా అని పిలిచేవాళ్ళం.

కాకాకు ఒక బాధ ఉండేది. అమ్మకానికి వచ్చిన తెలుగు అక్షరాల సెట్టులో అన్ని అక్షరాలూ లేవు. బండి ర లేదు, అరసున్న లేదు. గురువు, లఘువు గుర్తులు అక్షరం నెత్తిన పెట్టే వీలే లేదు. కొన్ని ఒత్తులు పక్క అక్షరం మీద పడి కొట్టుకునేవి.

"ముప్పయ్యేండ్లు సీసంల పేర్చిన. ఒక్కనాడు అక్షరం లేదని సందు ఇడిసిపెట్టలే," అనేవాడు. "గింత పెద్ద మిషన్ తెచ్చి బండి ర లేదంటె ఎట్ల డాక్టర్ సాబ్?"

ఒకరోజు కరెంటొచ్చేదాకా పని లేక కూర్చుంటే, నా దగ్గర అక్షరాలు గీసే సాఫ్ట్‌వేరొకటి ఉందని చెప్పాను. కరెంటొచ్చాక దాన్ని ఎక్కించి, అరగంట చూపించాను. ఒక అక్షరం తెరిస్తే దాని అంచు మీద చుక్కలుంటాయి, చుక్కను లాగితే వంపు మారుతుంది. అంతే నేను చెప్పింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆయన రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక గంట ఆ చుక్కలతోనే ఉన్నాడు. నేను వెళ్ళినప్పుడల్లా పిలిచి చూపించబోయేవాడు. నేను సంచి సర్దుకుంటూ, "బాగుంది కాకా, బాగుంది," అనేవాణ్ణి. తెర వైపు చూసిన గుర్తు నాకు లేదు.

పదకొండు అక్షరాల సెట్లు తయారు చేశాడు. సన్నవి, లావువి, శీర్షికలకు, ఛందస్సుకు. ఓనరుకు ఇదంతా పట్టలేదు కానీ ఒక అవకాశం మాత్రం కనబడింది. తెలుగు పండిట్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్షకు గైడు వేద్దామనుకున్నాడు. వ్యాకరణం, ఛందస్సు, పాత పద్యాలు. అరసున్నలూ గణాల గుర్తులూ ఉన్న గైడు అప్పటికి ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. కాకా రెండు వందల నలభై పేజీలూ తన అక్షరాలతోనే కంపోజ్ చేశాడు.

ఆ పని నడుస్తుండగా ఒకసారి నా చేతిలో ఒక ఫ్లాపీ పెట్టాడు. దాని మీద లేబుల్ అంటించి, ముత్యాల్లాంటి రాతతో 'అక్షరాలు' అని రాశాడు.

"ఇది నీ దగ్గర పెట్టుకో బిడ్డా. మిషన్ మీద నాకింకా నమ్మకం కుదురతలేదు. ఇయ్యాల ఉంటది, రేపు ఉండది. నువ్వు డాక్టర్‌వు, నీ దగ్గరుంటె బేఫికర్."

"సరే కాకా," అని సంచిలో వేసుకున్నాను.

రెండు నెలల తర్వాత నారాయణగూడలో ఒక వకీలు ఆఫీసుకు వెళ్ళాను. పని అయ్యాక ఆయన పేకాట గేమ్ కావాలన్నాడు. అది వేరే మిషన్లో ఉంది, ఎక్కించి తేవాలంటే ఖాళీ ఫ్లాపీ కావాలి. సంచిలో అన్నీ నిండే ఉన్నాయి. పైన కనబడింది 'అక్షరాలు'. దాన్ని ఫార్మాట్ చేశాను. ఒకటిన్నర నిమిషం పట్టింది. ఆ ఒకటిన్నర నిమిషమూ వకీలుగారి గుమాస్తాతో క్రికెట్ మాట్లాడుతున్నాను. తర్వాత కాకాను అడిగి మళ్ళీ ఒక నకలు తీసుకోవచ్చులే అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాను.

ఇక ఆ శుక్రవారం. గైడు పని అయిపోయింది. సోమవారం ప్లేట్లకు వెళ్ళాలి, పరీక్ష ఇంకో పదిహేను రోజుల్లో ఉంది. అప్పట్లో ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింట్లు తీసి, వాటి నుంచి అచ్చు వేసే ప్లేట్లు చేసేవాళ్ళు. మొదటి పేజీ ప్రింటుకు పంపగానే 'డిస్క్ ఫుల్' వచ్చింది. నాకు కబురు. నేను వెళ్ళేసరికి కాకా లేడు, పేపర్ తేవడానికి వెళ్ళాడు. ఓనరు మాత్రం ఉన్నాడు.

"తమ్మీ, జర జల్ది చూడు. పుస్తకాల జోలికి పోకు, మిగిలింది నీ ఇష్టం."

పుస్తకాల జోలికి పోలేదు. తాత్కాలిక ఫైళ్ళు తీసేశాను, చాలలేదు. సిస్టమ్ ఫోల్డర్‌లోకి దిగాను. తేదీల వారీగా పేర్చి చూస్తే కింద ఒక గుంపు కనబడింది. అర్థం లేని పేర్లు, వేరే వేరే తేదీలు, అన్నీ ఈ మధ్యవే. మొత్తం పదకొండు. నా సూత్రం ప్రకారం చెత్త. తీసేశాను. అంతటితో ఆగినా బాగుండేది, తీసేసిన ఫైళ్ళను వెనక్కు తెచ్చే ఉపాయం అప్పట్లోనూ ఉంది. కానీ నేను పనిమంతుణ్ణి కదా. తీసేసిన చోటును కూడా సర్ది, డిస్కంతా ఒక వరసలో పేర్చే ప్రోగ్రాం నడిపాను. అది నడిచిందంటే పోయినవాటి చోట వేరేవి వచ్చి కూర్చుంటాయి. ఇక బ్రహ్మదేవుడు వచ్చినా దిక్కులేదు. చేతులు దులుపుకుని, టీ తాగి, రాంనగర్‌లో మా ఇంటికి వెళ్ళిపోయాను.

శనివారం పొద్దున ఆఫీసుకు వెళ్ళగానే ఫోను. నేను మెట్లెక్కేసరికి ఓనరు కుర్చీలో లేడు, మిషను వెనక నిలబడి ఉన్నాడు. తెర మీద గైడు మొదటి పేజీ. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్న గుర్తులు, నలుపలకల డబ్బాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. రెండో పేజీ అంతే, మూడోదీ అంతే. కాకా మిషను ముందు కూర్చుని పేజీలు తిప్పుతున్నాడు. నన్ను చూసి తలెత్తాడు. ఆ ముఖంలో భయం లేదు.

"నిన్న ఏం తీసేసినవ్ తమ్మీ?" అన్నాడు ఓనరు.

చెప్పాను. సిస్టమ్ ఫోల్డర్‌లో పనికిరాని ఫైళ్ళు పదకొండు ఉంటే తీసేశానన్నాను. చెబుతుండగానే నాకు అర్థమైంది.

"గవి నావే," అన్నాడు కాకా.

"నీ అక్షరాలు సిస్టమ్ ఫోల్డర్ల ఎందుకున్నయ్ కాకా?" ఓనరు గొంతు పెరిగింది. "గాడ పెట్టుమని ఎవడు చెప్పిండు నీకు?"

"ఎవ్వలు చెప్పలే సార్. ప్రెస్సుల అలవాటు," అన్నాడాయన. "కేసుల బండి రలు, అరసున్నలు ఎప్పుడు తక్కువనే ఉంటుండె. పక్కోడు ఏరుకపోతడని, ఇరిగిన అక్షరాలు పారేసే అరల అడుగున దాస్తుంటిమి. ఆ అరల ఎవ్వలు చెయ్యి పెట్టరు. ఈ మిషన్ల గసొంటి అర ఏదని చూసిన. గీ సిస్టమ్ అన్నదాంట్ల చెయ్యి పెట్టనీకె అందరు భయపడుతున్నరు. మంచి జాగనే అనుకున్న."

ఎవరూ చెయ్యి పెట్టని అర. అందులో చెయ్యి పెట్టడమే ఉద్యోగంగా బతికే మనిషొకడు ఊళ్ళో ఉన్నాడు, ఆ సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. వచ్చి ఉంటే నాకు చెప్పేవాడు. పేర్లు కూడా విండోస్ పేర్లలా ఉండాలని అర్థం లేకుండా పెట్టుకున్నాడట.

"సోమవారం ప్లేట్లకు పోవాలె," అన్నాడు ఓనరు. "ఏం జేద్దాం చెప్పు ఇప్పుడు."

"పరేషాన్ గాకుండ్రి సార్," కాకా కుర్చీలో నా వైపు తిరిగాడు, నవ్వాడు కూడా. "నకలున్నది. ఫ్లాపీల ఏసి డాక్టర్ సాబ్ చేతికిచ్చిన. తియ్యి బిడ్డా."

నా వయసప్పుడు ఇరవై అయిదు. డిప్లొమా అయ్యాక రెండేళ్ళు ఖాళీగా తిరిగి, ఏడాదిన్నర కింద ఆ ఉద్యోగంలో చేరాను. మా కంపెనీ యజమానిది ఒకటే మాట, కస్టమర్ ఫైలు పోయిందంటే నువ్వూ పోయినట్టే. డిస్కులో పోయినదానికి ఒక సాకుంది, దాచకూడని చోట దాచాడు. ఫ్లాపీకి ఏ సాకూ లేదు. పేకాట కోసం చెరిపానని ఎలా చెప్పను? ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను కానీ, అప్పుడు ఇంత ఆలోచించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏ ఫ్లాపీ కాకా? నాకియ్యలేదు నువ్వు."

ఆయన నవ్వు వెంటనే పోలేదు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నట్టున్నాడు.

"గదే బిడ్డా. మీద 'అక్షరాలు' అని రాసిచ్చిన గదా."

"లేదు కాకా. ఇయ్యలేదు."

ఓనరు ఆయన్నూ నన్నూ మార్చి మార్చి చూశాడు. నేను ఆగలేదు. ఒకసారి మొదలుపెట్టినవాడు ఆగడు. సిస్టమ్ ఫోల్డర్‌లో బయటి ఫైళ్ళు పెట్టకూడదని, ఇది కంప్యూటర్ తెలిసిన ఎవరైనా చెప్పే మాటని, నా తప్పేమీ లేదని చెప్పాను. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ రోజు నేను మాట్లాడిన ఒకే ఒక్క నిజం అది, దాన్ని కూడా ఆయన మీదకే విసిరాను.

కాకా నన్ను చూశాడు. ఆ చూపులో కోపం వెతికాను. కోపమైతే నాకు వీలుగా ఉండేది, గొడవ పెట్టుకోవచ్చు. ఆయన ఓనరు వైపు తిరిగాడు.

"యాది మరిచిన కావచ్చు సార్. ఇద్దామనుకున్న. ఇయ్యలేనట్టున్న. వయసు మీద పడ్డది."

నేను ఆ గదిలో ఉండగానే నా అబద్ధాన్ని ఆయన తన మీద వేసుకున్నాడు. కిందికి దిగి సైకిల్ తాళం తీశాను. వెనక్కు వెళ్ళలేదు. పద్దెనిమిది మెట్లే. ఎక్కితే రెండు నిమిషాల పని.

ఆ తర్వాత జరిగింది ఓనరు తేల్చిన మార్గం. పుస్తకమంతా కొన్న అక్షరాల సెట్టుకు మార్చారు. మామూలు అక్షరాలు వెనక్కొచ్చాయి. బండి రలు, అరసున్నలు, గురువు లఘువుల గుర్తులు ఉండాల్సిన చోటల్లా ఖాళీ. ఆ ఖాళీలను ట్రేసింగ్ పేపరు మీద చేత్తో నింపాలి. కాకా సన్నటి డ్రాయింగ్ పెన్ను తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. శనివారం, ఆదివారం, సోమవారం మధ్యాహ్నం దాకా. యాభై ఆరేళ్ళ కళ్ళు. ఎనిమిది నెలలు మిషన్లో గీసిన అక్షరాలను మళ్ళీ చేత్తో, ఒక్కొక్కటీ. ఆదివారం నేను వెళ్ళాను, ప్రింటర్ చూసే నెపంతో. టీ తెప్పించి ఆయన పక్కన పెట్టాను. "అటు పెట్టు బిడ్డా, కాయితం మీద పడతది," అన్నాడు.

పెన్ను గీత లేజర్ గీతంత నల్లగా ఉండదు. ప్లేటు మీద సగం గుర్తులు పడ్డాయి, సగం పడలేదు. పుస్తకం వచ్చిన మూడో రోజు నేను అక్కడే ఉన్నాను. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి, పాలమూరు వైపు మాట, గైడు తెరిచి కౌంటర్ మీద పెట్టింది.

"సార్, ఇది గురువా లఘువా? గీత కనిపిస్తనే లేదు. అయిదు రోజుల్ల పరీక్ష ఉన్నది సార్, గణాలు ఎట్ల నేర్చుకోవాలె?"

ఓనరు కిటికీ వైపు వేలు చూపించి, "ఆయన్నడుగు," అన్నాడు. ఆ అమ్మాయి నిజంగానే వెళ్ళి అడిగింది. కాకా పుస్తకం తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి, పడని గుర్తులన్నీ ఒక్కొక్క పేజీలో పెట్టిచ్చాడు. మెట్ల మీద ఇంకా నలుగురు నిలబడ్డారు, చేతుల్లో అదే గైడు. వాళ్ళవీ పెట్టిచ్చాడు. ఆ వారమంతా అదే పని. మరుసటి వారం నుంచి పెద్ద మిషను ముందు వేరే ఆపరేటరు కూర్చుంది. కాకాను ప్రూఫులు చూసుకోమన్నారు.

ఇప్పుడు నన్ను ఎక్కువ కాల్చే సంగతి చెబుతాను. నెల రోజుల తర్వాత ఒక లావుపాటి పుస్తకంలో చదివాను. మెమరీ చాలనప్పుడు వాడుకోవడానికి విండోస్ తనకోసం డిస్కులో పెద్ద జాగా ఆక్రమించి పెట్టుకుంటుందట. అది దాచిన ఫైలు, మామూలుగా చూస్తే కనబడదు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక అంకె మార్చితే చాలు, ఆ జాగా వెనక్కొస్తుంది. ఏడాదిన్నరగా డాక్టర్ సాబ్ అనిపించుకుంటున్న నాకు అది ఉందనే తెలియదు. ఏ చెత్తకు ఏ తేదీ ఉందో చూసుకుంటూ తిరిగాను, అసలు కబ్జాదారు నట్టింట్లో పడుకుని ఉంటే.

ఆ మర్నాడే చిక్కడపల్లి వెళ్ళి ఆ అంకె మార్చాను. డిస్కులో పది మెగాబైట్లు ఖాళీ అయ్యాయి. ఓనరు నా భుజం తట్టాడు.

"శభాష్ తమ్మీ! మీ కంపెనీకి చెప్త, వచ్చే ఏడాది కాంట్రాక్టు కూడా మీకే. నిన్నే పంపుమంట."

మూలన ప్రూఫులు చూస్తున్న కాకా కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. "ఎంత జాగ దొరికింది?"

"పది మెగాబైట్లు కాకా."

"నా అక్షరాలెంతుండె?"

చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను. "అన్ని కలిపి అర మెగాబైటు కూడా ఉండవు."

"గంతేనా," అని ఆయన మళ్ళీ ప్రూఫు మీదకు వంగాడు. ఆ వారం దాటాక నేను వెళ్ళినప్పుడు ఆ కుర్చీలో ఎవరూ లేరు. ఎందుకు మానేశాడని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం నాకు లేదు కదా.

కాంట్రాక్టు వచ్చింది. దాన్ని చూసి ఇంకో రెండు వచ్చాయి. నా ఉద్యోగం ఖాయమైంది, అక్కణ్ణుంచి ఇంకో కంపెనీ, ఆపైన ఇంకోటి. దశాబ్దం ముగిసేలోపు ఒక పెద్ద సంస్థలో సిస్టమ్స్ మేనేజరునయ్యాను. హోదా రాగానే రబ్బరు స్టాంపు కావాలి కదా. నారాయణగూడలో స్టాంపులు చేసే చిన్న దుకాణానికి వెళ్ళాను. అద్దాల బల్ల వెనక చిన్న చిన్న అరలున్న చెక్క పెట్టె, దాని ముందు కాకా.

జుట్టు పూర్తిగా తెల్లబడింది. రబ్బరు స్టాంపులకు ఇంకా సీసపు అక్షరాలే పేరుస్తారని నాకప్పుడు తెలియదు. పట్టకారుతో ఒక్కొక్క అక్షరం తీసి తలకిందులుగా పేరుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టకపోతే బాగుండునని నేననుకున్న మాట నిజం.

"డాక్టర్ సాబ్! మంచిగున్నవా? నౌకరి ఉన్నదా?"

"ఉంది కాకా." కాగితం మీద రాసి తెచ్చిన నా పేరూ హోదా ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, "పెద్దోడివైనవ్," అని పేర్చడం మొదలుపెట్టాడు. ఆయన వేళ్ళు ఇంకా అరల వైపు చూడకుండానే కదులుతున్నాయి. నేను నిలబడ్డాను. క్షమించమని అడుగుదామనుకున్నాను, అడగలేదు. పక్కన ఇంకో గిరాకీ ఉన్నాడు. అది సాకే.

ఆ గిరాకీ వెళ్ళాక తల ఎత్తకుండానే అడిగాడు.

"ఒక్క మాట అడుగుత బిడ్డా. గా ఫ్లాపీ... చెరిపినవ్ గదా?"

ఈసారి అబద్ధం రాలేదు. "చెరిపిన కాకా."

"చెరిపేముందు తెరిచి చూసినవా? నా బండి ర ఎట్లున్నదో?"

"లేదు."

ఆయన తలూపాడు. పేర్చిన వరసను వేలితో తడిమి, ఒక అక్షరం మార్చాడు.

"నేను గట్లనే అనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకున్న," అన్నాడు. "చూసినోనివైతే చెరపకపోదువు."

స్టాంపు సాయంత్రం ఇచ్చాడు. ఒక కాగితం మీద గుద్ది చూపించాడు, అక్షరాలన్నీ సమంగా పడ్డాయి. రిటైరయ్యేదాకా దాన్నే వాడాను. మళ్ళీ ఆ దుకాణం వైపు వెళ్ళలేదు.

ఇన్నేళ్ళుగా ఆయన నా గురించి నమ్మిన మాట అది. ఆ ఫ్లాపీ తెరిచి చూసి ఉంటే, ఆ వంపులు, ఆ గీతలు చూసి ఉంటే నా చెయ్యి ఆగేదని. ఆయన్ను మోసం చేసినవాణ్ణి, ఆ నమ్మకమైనా ఆయనకు మిగలనిచ్చాను. మీకు మాత్రం నిజం చెప్పాలి. తెరిచి చూసినా చెరిపేవాణ్ణే. ఆ రోజు నాకు కావలసింది ఒక ఖాళీ ఫ్లాపీ.